యజమానికి ఒక ప్రతి

ఆగస్టు 6

అన్నయ్యకి,

చేరాను. సామాను కూడా చేరింది, ఒక్క గొడుగు తప్ప. అది రైల్లో ఎవరికో దక్కింది. ఎవరో గానీ తడవకుండా ఉంటే చాలని సరిపెట్టుకున్నాను.

గది నాకొక్కదానికే ఇచ్చారు. ఒక మంచం, బల్ల, కుర్చీ, గోడకి మూడు మేకులు. కిటికీ తీస్తే ఎదురు భవనం గోడ, దాని మీద నీళ్ళ పైపు. సొంత గది అని మొదటిరోజు తెగ సంబరపడ్డాను. ఒకే గదిలో ఇద్దరేసి ఉన్నవాళ్ళు అప్పుడే జతలు జతలుగా తిరుగుతున్నారని రెండో రోజు గమనించాను. పోనీలే, నాకు నిద్ర బాగా పడుతుంది.

ఈ వ్యాపారాల బడిలో పాఠం అంటూ ఎవరూ చెప్పరు. ఏదో ఒక కంపెనీ గురించి ఇరవై పేజీల కథ ముందురోజు చేతికిస్తారు. దాన్ని కేసు అంటారు. ఆ కంపెనీ పీకల్లోతు కష్టాల్లో ఉంటుంది. మర్నాడు మేం ఎనభైమందిమి కలిసి గంటన్నరలో దాన్ని ఒడ్డున పడేస్తాం. అసలు యజమాని ఏళ్ళ తరబడి తల బాదుకున్నా చెయ్యలేకపోయిన పని! తరగతి గది సినిమా హాల్లోలా మెట్లు మెట్లుగా ఉంటుంది. అందరి ముందూ పేరు రాసిన అట్టముక్కలు. మాట్లాడిన వాళ్ళకి మార్కులు. సగం మార్కులు నోటికే. నేను ఇంకా నోరు తెరవలేదు, మొదటి వారమే కదా.

ఆరేళ్ళు ఆఫీసులో గుమాస్తాగిరీ చేసి వచ్చిందాన్ని, నాకేం భయం? అందరూ మంచివాళ్ళే. దుకాణంలో ఫోను బాగుపడిందా? ఇక్కడ వరండాలో ఒకటుంది. ఆదివారం చెయ్యమంటావా?

వదిన పెట్టిన దుప్పటి బాగా పనికొస్తోంది. మేస్త్రిగారిని అడిగానని చెప్పు.

నీ చెల్లెలు

—

ఆగస్టు 14

ఒసేయ్ గరాటూ,

నీ ఉత్తరం వచ్చింది. వదిన ముందు లాక్కుని చదివి, "గదిలో ఒక్కతే ఉందట, మీకేం పట్టదు" అని నా మీద ఎగిరింది. గది ఇచ్చింది నేనైనట్టు.

ఫోను సంగతి ఎత్తకు. ఆ లైను గరగరలాడి చస్తోంది, మనిషి మాట ఒక్కటీ తెలియదు. ఫిర్యాదు చేస్తే ఒకడొచ్చి చూసి బాగానే ఉందన్నాడు. వాడికేం తెలుసు! నువ్వు ఉత్తరాలే రాయి. ఉత్తరమైతే రెండోసారి చదువుకోవచ్చు.

నోరు తెరవలేదా? నువ్వా? నాలుగేళ్ళప్పుడు బల్ల మీది గరాటు నోటికి పెట్టుకుని వీధిలో పోయేవాళ్ళందర్నీ పిలిచేదానివి. ఆ పేరు ఊరికే రాలేదు. "ఈ పిల్ల నోటికి టంకం వేద్దామంటే నా దగ్గరున్న సీసం చాలదు" అనేవారు మేస్త్రిగారు. నాన్న పోయి దుకాణం నా నెత్తిన పడ్డప్పుడు నాకు రేకు కత్తిరించడం దగ్గర్నుంచి అన్నీ నేర్పిందీ ఆయనే, నిన్ను భుజానెక్కించుకుని తిప్పిందీ ఆయనే. నువ్వక్కడ మూగనోము పట్టావంటే ఆయన నమ్మలేదు. "దానికి జలుబు చేసి ఉంటుంది" అన్నారట, వదిన చెప్పింది.

ఇక్కడ విశేషాలు ఏమున్నాయి. మొన్న ఒకాయన వచ్చి పన్నెండు డబ్బాలు చెయ్యమన్నాడు. చేశాం. తీరా వచ్చి, నేనడిగింది డబ్బాలు కాదయ్యా, పాత డబ్బాలకి మూతలు అంటాడు. మనుషులు మాట మీద నిలబడటం మానేశారు. ఆ పన్నెండూ అలాగే ఉన్నాయి, నీకేమైనా కావాలా?

రేపు వెళ్ళగానే చెయ్యెత్తు. ఏదో ఒకటి అను. తప్పయితే తప్పు.

అన్నయ్య

—

సెప్టెంబరు 1

అన్నయ్యా,

చెయ్యెత్తాను. సగం దాకా. అప్పటికే ముందు వరసలో ఒకాయన మొదలుపెట్టేశాడు. ఈయన పదేళ్ళు బ్యాంకులో చేసి వచ్చాడు. మనసులో నేను పెట్టుకున్న పేరు బ్యాంకు. నేను చెప్పాలనుకున్న మాటే చెప్పాడు, నాకంటే బాగా. ఎత్తిన చెయ్యి వృథా పోకుండా జుట్టు సర్దుకున్నాను.

ఇక్కడ భోజనాల హాలు పెద్దది. నా బల్ల దగ్గర ఎప్పుడూ బోలెడంత చోటు, ఇరుకనేది లేదు. మొన్న ఆదివారం ఒక తమాషా జరిగింది. సాయంత్రం నాలుగింటికి గుర్తొచ్చింది, పొద్దున్నుంచీ ఒక్క మాటా మాట్లాడలేదని. వీధి చివర కాగితాలూ పెన్నులూ అమ్మే దుకాణానికి వెళ్ళి రబ్బరు ఉందా అని అడిగాను. ఉంది అన్నాడు. కొన్నాను. నా డ్రాయరులో అప్పటికే రెండు రబ్బర్లున్నాయి. నవ్వకు.

ఇప్పుడు అసలు సంగతి. మమ్మల్ని అయిదుగురేసి జట్లుగా విడగొట్టారు. నా జట్టులో బ్యాంకు ఉన్నాడు, ఇంకో ఇద్దరు మగవాళ్ళున్నారు, ఒక పొడుగమ్మాయి ఉంది. మాకు బాగా తెలిసిన ఒక చిన్న వ్యాపారాన్ని చదివి, దానికేం చెయ్యాలో ఈ టర్ములోగా రాయాలి. నలుగురూ నాలుగు పేర్లు చెప్పారు. నేను మన రేకు దుకాణం అన్నాను. అంతా ఒకరినొకరు చూసుకుని, "బాగుంది" అన్నారు! ఆఫీసు వాళ్ళు ఇచ్చిన ఫారంలో నీ పేరూ చిరునామా నింపి ఇచ్చేశాను.

కాబట్టి చెప్పు. రోజుకి ఎన్ని వస్తువులు తయారవుతాయి? ఏవి ఎక్కువ పోతాయి? మేస్త్రిగారి వయసెంత? ప్లాస్టిక్ వచ్చాక ఎన్ని రకాలు ఆగిపోయాయి? అన్నీ వివరంగా రాయి. నీ దుకాణం గురించి ఇంత పెద్ద బడిలో మాట్లాడుకుంటారు తెలుసా!

నీ గరాటు

—

సెప్టెంబరు 10

గరాటూ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అయిదోసారి మేస్త్రిగారికి చదివి వినిపించాను. ఆయన సుత్తి కింద పెట్టి, "మన గురించా? పుస్తకంలోనా?" అని నోరు తెరిచారట, వదిన చెప్పింది. అప్పట్నుంచి ఏ డబ్బా చేసినా అంచు రెండుసార్లు తడిమి చూస్తున్నారు, మీ మాస్టర్లు వచ్చి తనిఖీ చేస్తారన్నట్టు.

రాసుకో. రోజుకి చిన్నవైతే ముప్పై, పెద్ద పెట్టెలైతే రెండు. ఎక్కువ పోయేవి మొక్కలకి నీళ్ళు పోసే డబ్బాలు, నూనె గరాటులు, ఉత్తరాల పెట్టెలు. ఆగిపోయినవి బకెట్లు, చాటలు, స్నానాల చెంబులు. అవన్నీ ప్లాస్టిక్ తినేసింది. మేస్త్రిగారి వయసు ఆయనకే తెలియదు. అరవై ఎనిమిది అని వేసుకో, కోప్పడితే నేను చూసుకుంటాను. చూపు కొంచెం మందగించింది కానీ చెయ్యి అలాగే ఉంది. ఆయన వేసిన టంకం దగ్గర నీళ్ళు కారాయని ఇరవై అయిదేళ్ళలో ఒక్కడూ తిరిగి రాలేదు. ఇది తప్పకుండా రాయి.

ఇంకొకటి కూడా రాయి. ఆయనకీ నాకూ పనిలో మాటలతో అవసరం లేదు. రేకు పెట్టి కొట్టే ఇనప దాగలి మీద సుత్తితో రెండు దెబ్బలు వేస్తే రివెట్లు కావాలని. మూడు వేస్తే ఇటు పట్టుకోమని. ఒక్కటే పెద్దగా వేస్తే ఎవరో బేరానికి వచ్చారు, తలెత్తి చూడమని. ఇలాంటి ఏర్పాటు మీ పెద్ద పెద్ద కంపెనీల్లో ఎక్కడైనా ఉందేమో అడుగు.

లెక్కల కాగితం వదిన విడిగా రాసి పెట్టింది. అందులో తప్పులుంటే ఆవిడవి.

రబ్బరు సంగతికి నవ్వలేదు. వదిన కూడా నవ్వలేదు. 

అన్నయ్య

—

సెప్టెంబరు 28

ప్రియమైన అన్నయ్యా,

ఈసారి ఉత్తరం తొందరలో రాస్తున్నాను, ఎందుకో తెలుసా? నా గదికి మనుషులొచ్చారు! నలుగురూ! ఉన్నది ఒక కుర్చీ, దాని మీద బ్యాంకు. మిగతావాళ్ళు మంచం మీద, నేను కిటికీ గట్టు మీద. టీ తెప్పించారు. మూడు గంటలు మన దుకాణం గురించే మాట్లాడుకున్నాం. ప్రతి పది నిమిషాలకీ ఎవరో ఒకరు "ఆగండి, ఆవిణ్ణి అడుగుదాం" అనడం, అందరూ నా వైపు తిరగడం. ఆవిడ అంటే నేను.

నీ సుత్తి దెబ్బల సంగతి చెబితే పొడుగమ్మాయి పుస్తకంలో రాసుకుంది. తను భోజనాల హాల్లో ఇప్పుడు నా ఎదురుగా కూర్చుంటోంది. వాళ్ళమ్మ గురించి చెప్పింది. నేనూ ఏవో చెప్పాను.

రిపోర్టు రాయడం బ్యాంకు తీసుకున్నాడు. ఆయన భాష కాస్త బిగుసుకుపోయినట్టుంటుంది కానీ మాస్టర్లకి అదే ఇష్టమట. ఇంకేం రాయను, వాళ్ళు కింద పిలుస్తున్నారు. నన్నే.

గరాటు

—

అక్టోబరు 8

గరాటమ్మగారికి,

నీకు స్నేహితులు దొరికారని వదిన వీధి వీధంతా టాంటాం వేసింది. బ్యాంకుకి ఒక కుర్చీ ఇచ్చావు సరే, నువ్వు కిటికీ గట్టు మీద కూర్చోవడమేమిటి? పడతావు. ఇంకో కుర్చీ కొనుక్కో.

పుస్తకం ఎప్పుడొస్తుందని మేస్త్రిగారు రోజూ అడుగుతున్నారట. పక్కనున్న తాళాలాయనకి, ఎదురుగా ఉన్న కుట్టు మిషను ఆవిడకి కూడా చెప్పాం. వచ్చిన రోజు అందరం కూర్చుని చదువుకుందామనుకున్నాం. నాకు పెద్ద పెద్ద మాటలు నోరు తిరగకపోతే వదిన సాయం పడుతుంది.

చలి మొదలవుతుంది, చెవులకి గుడ్డ కట్టుకో.

అన్నయ్య

—

అక్టోబరు 25

అన్నయ్యా,

శుభవార్త. మన రిపోర్టుకి తరగతి మొత్తం మీద ఎక్కువ మార్కులు వచ్చాయి. మాస్టారు దాన్ని అందరికీ కనపడేలా పైకెత్తి చూపించారు, "నిర్మొహమాటంగా రాయడమంటే ఇదీ" అన్నారు. బ్యాంకు లేచి నిలబడి మాట్లాడాడు. ఇంకా కాపీ నేను చూడలేదు, చివరి పేజీలు ఆయనే పూర్తిచేశాడు. నాకూ ఒకటి ఇస్తానన్నాడు.

జట్లు మార్చేశారు. ఇప్పుడు కొత్త అయిదుగురు. పొడుగమ్మాయి కొత్త జట్టు వాళ్ళతో కూర్చుంటోంది, అది సహజమే. నిన్న హాల్లో నన్ను చూసి చెయ్యూపింది. నేనూ ఊపాను. నా బల్ల మళ్ళీ విశాలంగా ఉంది.

మాట్లాడినందుకు ఇచ్చే మార్కుల్లో నాకు ఇప్పటికి సున్నా. టర్ము అయ్యేలోగా ఒక్కసారైనా మాట్లాడకపోతే ఆ సబ్జెక్టు పోతుందని ఆఫీసులో చెప్పారు. చూద్దాం.

నీ దగ్గర్నుంచి ఉత్తరం వచ్చి పదిహేను రోజులు దాటింది. ఒంట్లో బాగానే ఉందా?

గరాటు

—

అక్టోబరు 27

గౌరవనీయులైన అయిదుగురు నిపుణులకు,

మీ బడి ముద్ర ఉన్న కవరు ఇరవై రెండో తారీకున అందింది. పైన "యజమానికి ఒక ప్రతి" అని రాసి ఉంది. యజమానిని నేనే కనుక విప్పాను.

ముందు నేనొక్కణ్ణే చదువుకుని ఉండాల్సింది. అంత తెలివి లేకపోయింది. మేస్త్రిగారు చేతులు కడుక్కుని వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. తాళాలాయనా కుట్టు మిషను ఆవిడా వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. వదిన ఆలస్యంగా వచ్చింది. నేను లేచి నిలబడి పైకి చదివాను. నేను గట్టిగా చదువుతానని మీలో ఒకరికి తెలుసు.

మొదటి పేజీ బాగుంది. సుత్తి దెబ్బల సంగతి వచ్చినప్పుడు మేస్త్రిగారు నవ్వారు. ఆ తర్వాత మీరు రాసింది ఇదీ. "తయారీని వెంటనే నిలిపివేయాలి. వయసు మీరి, చూపు తగ్గిన పనివాణ్ణి తొలగించాలి. అతనిపై యజమానికి ఉన్న అభిమానమే ఈ వ్యాపారానికి అతిపెద్ద అడ్డంకి." చదువుతూ ఉంటే చదివేసిన మాట ఏమిటో తెలుస్తుంది కానీ రాబోయే మాట తెలియదు కదండీ. నోట్లోంచి వచ్చాక తెలిసింది. ఆగుదామనుకున్నాను. ఆగితే ఇంకా అసహ్యంగా ఉంటుందని కింది వాక్యంలోకి వెళ్ళాను. అక్కడ ఇలా ఉంది. "యజమానికి వినికిడి దాదాపు లేదు. ఈ విషయాన్ని ఆయన, ఆయన కుటుంబం దాచిపెడుతున్నారు. ఇందువల్ల బేరాలు చెడుతున్నాయి."

కాగితంలోంచి తలెత్తాను. మేస్త్రిగారు లేచి వెళ్ళిపోతున్నారు. టీకి వెళ్ళారనుకున్నాను. ఆయన సుత్తి కూడా తీసుకెళ్ళారని తర్వాత చూశాను. అయిదు రోజులైంది.

మీ సలహా అమలు చేశాను. దాగలి మీద గోనెసంచి కప్పాను. బల్ల మీద ప్లాస్టిక్ బకెట్లు పేర్చాను. మీరు చదువుకున్నవాళ్ళు, మీకు తెలియకుండా ఉంటుందా?

ఇట్లు,
వినికిడి దాదాపు లేని యజమాని

—

నవంబరు 4

అన్నయ్యా,

మూడుసార్లు మొదలుపెట్టి చించేశాను, ఇది నాలుగోది.

నీకు ప్రతి పంపుతారని నాకు తెలియదు. ఫారంలో చిరునామా గడి ఉంటే నింపాను, అంతే. ఆఫీసుకి వెళ్ళి అడిగితే ఆ గుమాస్తా, "మర్యాద కోసం ప్రతి యజమానికీ పంపుతామండీ" అంది. మర్యాద కోసమట. బ్యాంకు దగ్గర కాపీ లాక్కుని చదివాను. మేస్త్రిగారిని తీసెయ్యాలన్న మాట ఆయన రాశాడు, నేను కాదు. కానీ కింద నా సంతకం ఉంది. ఖాళీ కాగితం మీద ముందే పెట్టించుకున్నాడు, నేను పెట్టాను. ఎందుకని అడగలేదు. అడిగితే విసుక్కుంటారేమోనని.

చెవుల సంగతి మాత్రం నేనే చెప్పాను. అది ఇంకెవరి మీదా తొయ్యలేను.

ఎప్పుడు చెప్పానో, ఎందుకు చెప్పానో కూడా చెబుతాను, తర్వాత నీ ఇష్టం. ఆ రోజు వాళ్ళు నా గదికి వచ్చారు కదా. గంటయ్యేసరికి విసుగొచ్చింది వాళ్ళకి. డబ్బాలూ గరాటులూ ఎంతసేపని వింటారు? ఒకాయన గడియారం చూసుకున్నాడు. పొడుగమ్మాయి చెప్పులు వేసుకుంటోంది. వెళ్ళిపోతారని నాకు అర్థమైంది. అప్పుడు అన్నాను, "మా అన్నయ్యకి చెవులు వినపడవు, ఎవరికీ చెప్పడు" అని. అంతే. నలుగురూ ఆగిపోయారు. బ్యాంకు పెన్ను మూత తీశాడు. పొడుగమ్మాయి చెప్పులు విడిచి, పక్కకొచ్చి నా చెయ్యి పట్టుకుంది. అప్పటికి నేను ఇక్కడికొచ్చి యాభై రోజులు, అన్నయ్యా, ఒక్క మనిషీ నన్ను ముట్టుకోలేదు. ఆ చెయ్యి ఇంకాసేపు ఉండాలని ఇంకా ఇంకా చెప్పాను. నువ్వు జనం పెదవులు చూసి మాట్లాడతావని. ఫోను లైను బాగానే ఉందని. డబ్బాలూ మూతల సంగతి కూడా చెప్పాను. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

నీకు తెలియదనుకున్నావేమో, నాకు పన్నెండేళ్ళప్పుడే తెలుసు. దుకాణంలో నీ వెనక నిలబడి పిలిస్తే పలికేవాడివి కాదు, ముందుకొస్తే పలికేవాడివి. నీకు నచ్చదని ఎప్పుడూ అనలేదు. ఇన్నేళ్ళు కాపాడినదాన్ని ఒక కప్పు టీ పూర్తయ్యేలోగా ఇచ్చేశాను.

నాకు ఇక్కడ ఎవరూ లేరు. మొదటి ఉత్తరం నుంచీ అబద్ధాలే రాశాను. చదువు మానేసి వచ్చేస్తాను. గుమాస్తా ఉద్యోగం మళ్ళీ ఇస్తారేమో అడుగుతాను. మేస్త్రిగారి కాళ్ళు పట్టుకుంటాను. నన్ను తిట్టు, కానీ గరాటూ అని తిట్టు. ఆ గౌరవనీయులైన అని రాయకు.

చెల్లెలు

—

నవంబరు 14

గరాటూ,

తిడదామనే కూర్చున్నాను. రెండు రోజులు మంచి మంచి మాటలు పోగేశాను. వదిన నీ ఉత్తరం మళ్ళీ నా ముందు పెట్టి, యాభై రోజులు అన్న చోట వేలు పెట్టి చూపించింది. దాంతో పోగేసినవన్నీ పోయాయి. చదువు మానేస్తే మాత్రం నిజంగానే తిడతాను.

ఇంకో సంగతి. నా చెవుల గురించి వీధిలో అందరికీ తెలుసట. తాళాలాయనకి తెలుసట, పోస్టుమ్యాన్‌కి తెలుసట. అందుకే అంతా నా ముఖానికి ఎదురుగా వచ్చి మరీ మాట్లాడేవారట. వదిన కాగితం మీద రాసి ఇచ్చింది. పదిహేనేళ్ళుగా ఊరందర్నీ బోల్తా కొట్టిస్తున్నానని తెగ గర్వపడ్డాను. ఎవరు ఎవర్ని బోల్తా కొట్టించారో చూడు.

కానీ గరాటూ, నాకు చెవుడని నాకు మాత్రం ఇప్పుడే తెలిసింది. ఇన్నాళ్ళూ మేస్త్రిగారు సుత్తి వేస్తుంటే ఆ అదురు నేల మీదుగా నా కాళ్ళలోకి వచ్చేది. నాకు వినపడుతోందనే అనుకునేవాణ్ణి. ఇప్పుడు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆ బకెట్ల మధ్య కూర్చుంటాను. కాళ్ళ కింద ఏమీ ఉండదు. ఎవరైనా వచ్చి నా ముందు నిలబడేదాకా లోకంలో మనుషులున్నారని తెలియదు. నువ్వు రబ్బరు ఎందుకు కొన్నావో నాకు తెలిసింది. నేను నిన్న అనవసరంగా వెళ్ళి తాళం కొన్నాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడే మేస్త్రిగారింటికి వెళ్ళాను. వదిన వస్తానంది, వద్దన్నాను. ఇది నేను చెప్పుకోవాల్సింది కదా. ఆయన గుమ్మంలోనే ఉన్నారు. "తప్పైపోయింది మేస్త్రిగారూ, పనిలోకి రండి" అన్నాను. ఆయన చాలాసేపు ఏదో చెప్పారు. ఆ మీసం సంగతి నీకు తెలుసు, పెదవి మొత్తం కప్పేస్తుంది. దుకాణంలో ఆయనతో నాకు ఎప్పుడూ మాటలతో పనిపడలేదు. చేతిలో సుత్తీ లేదు. ఒక్క ముక్క అర్థం కాలేదు. ఏమన్నారు అని ఇంకోసారి అడగొచ్చు. అడగలేకపోయాను. పుస్తకంలో చదివింది ఆయన కళ్ళెదుట నిజమని చూపించినట్టవుతుందని సిగ్గేసింది. సరే సరే అని తలూపి వచ్చేశాను.

వస్తానన్నారో రానన్నారో నాకు తెలియదు. మర్నాడు గోనెసంచి తీసి, దాగలి తుడిచి కూర్చున్నాను. రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఇక రానన్నారనే అనుకుంటున్నాను. కానీ మనసొప్పక సంచి మళ్ళీ కప్పలేదు.

వదినని పంపమంటే పంపగలను. నాకు ఆవిడ ముందు కూడా ఈ సంగతి ఒప్పుకోవాలంటే కష్టంగా ఉంది. నీ దగ్గరైతే నాకు పోగొట్టుకోవడానికి ఇంకేం మిగల్లేదు కనుక రాస్తున్నాను. పరీక్షలయ్యాక నువ్వు రా. సామాను కూడా దించకుండా ముందు ఆయన దగ్గరికి వెళ్ళు. నేను వెళ్ళిన రోజు ఏమన్నారో అడుగు. అడిగి, ఉన్నదున్నట్టు కాగితం మీద రాసి పట్టుకురా. నాకు నచ్చదని మార్చకు.

అన్నయ్య

—

నవంబరు 23

అన్నయ్యా,

మానెయ్యడం లేదు. ముప్పయ్యో తారీకు చివరి పరీక్ష, రెండున బయల్దేరి మూడున పొద్దున్నే దిగుతాను.

నిన్న మాస్టారు మన రిపోర్టు ప్రతులు తరగతిలో అందరికీ పంచి, దీనిలో లోపమేదైనా ఉందా అన్నారు. చెయ్యెత్తాను. ఈసారి పూర్తిగా. "ఉందండీ, యజమాని ఈ సలహా పాటించాడు. ఇప్పుడు వచ్చిన బేరగాణ్ణి చూడమని ఆయనకి చెప్పేవాళ్ళే లేరు" అన్నాను. ఇంకా చెబుదామనుకున్నాను, కూర్చుండిపోయాను. ఎనభైమందీ నన్నే చూశారు. మాస్టారు "ఇంకెవరైనా?" అన్నారు. అంతే జరిగింది. గదికొచ్చి తలుపేసుకుని ఏడ్చాను. మాట్లాడినందుకు మార్కు వేశారో లేదో నేను వెళ్ళి చూడలేదు.

నువ్వు చెప్పినట్టే చేస్తాను. ఆయన రానంటే రానన్నారనే రాస్తాను.

గరాటు

—

డిసెంబరు 3, పొద్దున ఎనిమిదిన్నర
మేస్త్రిగారి గుమ్మంలోంచి

అన్నయ్యా,

నువ్వు వచ్చిన రోజు ఏమన్నారో అడిగాను. ఆయన చెబుతుంటే పక్కన కూర్చుని రాస్తున్నాను, ఒక్క మాటా మార్చలేదు.

"నీ నోటితోనే చదివావురా అబ్బాయ్, వీధంతా వినేలా. నాకై నేను మళ్ళీ ఆ గడప ఎలా తొక్కను? రేపు పొద్దున్నే నువ్వొచ్చి నన్ను వెంటబెట్టుకుని తీసుకెళ్ళు. వీధి అంతా చూసేలా తీసుకెళ్ళు, వస్తాను."

దానికి నువ్వు సరే సరే అని తలూపి వెళ్ళావట.

ఆ మర్నాటి నుంచి రోజూ ఏడింటికల్లా చొక్కా తొడుక్కుని, సుత్తి ఒళ్ళో పెట్టుకుని ఈ గుమ్మంలోనే కూర్చుంటున్నారట. మధ్యాహ్నం దాకా చూసి లోపలికి వెళ్తున్నారట. నేను వచ్చేసరికి కూడా అలాగే కూర్చుని ఉన్నారు. మీ అన్నయ్యకి ఏమైనా అయిందా అని నన్ను అడిగారు.

ఈ కాగితం ఇటుగా వెళ్తున్న తాళాలాయన కూతురి చేత పంపుతున్నాను. నేను ఇక్కడే ఉన్నాను. దుకాణం మూసి వెంటనే రా.